రెండు గుడ్ల బాకీ

ముప్పై ఒక్క తాళంచెవులు.
బల్ల మీద పరిచి లెక్క చూపిస్తున్నాను.
కొత్త యజమాని పంపిన కుర్రాడు
ఫోనులో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటున్నాడు.
సముద్రం కిటికీ దాకా వచ్చి తొంగిచూసి పోతోంది,
పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లిలా.

"కాలేజీ కాకముందు ఇది హోటలట కదా టెగ్వెన్ గారూ!"
అవును నాయనా.
వేల్స్‌లో ఈ మూలకి రైలు వస్తుందని కట్టారు.
రైలు వచ్చింది. దిగేవాళ్ళే రాలేదు.
మూడు వేసవులు వెండి చెంచాలు తోమిందే తోమి
నాలుగో వేసవికి వేలం పాడారు,
కప్పు పడని గోపురంతో సహా.

కొన్నది ఎవరనుకున్నావు?
దొరలు కాదు.
కొండ మీద పలకరాయి చీల్చే చేతులు.
దేశంలో పిల్లలు దిద్దే పలకలన్నీ వాళ్ళు చీల్చినవే,
వాళ్ళ సంతకాల చోట మాత్రం ఇంటూ గుర్తులు.
ఆదివారం ప్రార్థన అయ్యాక
ఇద్వాల్ ప్రిచార్డ్ టోపీ తిరగేసి పట్టుకుని
బెంచీల మధ్య నడిచేవాడట,
నాణెం పడ్డప్పుడల్లా దగ్గుతూ.
రాతిదుమ్ము దగ్గు అది.

ఆ చందా పుస్తకం నేను చూశాను.
గ్రిఫిత్, బండి తోలేవాడు, ఆరు పెన్నీలు.
అన్నదమ్ములిద్దరు, పేరు చెప్పలేదు, ఒక షిల్లింగు.
మోర్విద్, భర్త లేడు, నగదు లేదు, గుడ్లు రెండు.
అక్కడ గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగినట్టుంది.
సిరా చుక్క ఒకటి
ఆ గుడ్ల మీద పొదిగి కూర్చుంది.

గదుల నంబర్లు మార్చడానికి డబ్బు మిగల్లేదు.
అందుకే పదిహేడో నంబరు పడకగదిలో గ్రీకు పాఠం,
స్నానాల గదిలో రసాయనశాల
(గొట్టాలు ముందే ఉన్నాయిగా).
నేలమాళిగలో నౌకర్లను పిలిచే గంటలు ఇంకా గోడకే ఉన్నాయి.
గాలివాన రాత్రి ఇరవై రెండు మోగుతుంది.
ఇరవై రెండులో ఎవరూ ఉండరు.
అయినా ప్రతిసారీ మెట్లెక్కి చూసొచ్చాను.
పిలిస్తే పలక్కపోవడం మా ఇంటా వంటా లేదు.

నిప్పు సంగతి నువ్వు అడగలేదు.
అడగనివాళ్ళకే చెప్పాలనిపిస్తుంది.
మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఇక్కడ అంట్లు తోమేది.
ఆ రాత్రి మంట మెట్లెక్కుతుంటే
ఊరు ఊరంతా అలల దగ్గర్నుంచి గుమ్మం దాకా బారు తీరింది.
బకెట్లు, పాలక్యాన్లు, ఎవరిదో పసిపిల్ల తొట్టి.
పుస్తకాలు కిటికీల్లోంచి దుప్పట్లలోకి దూకాయి.
ఆమె దుప్పట్లో పడ్డదేమిటో ఆమెకు తెలీదు,
చదువు రాదు.
మూడు రోజులు పిండిడబ్బాలో పెట్టి తడి ఆర్చి
తెచ్చి ఇచ్చింది.
ఇప్పటికీ దాని మడతల్లోంచి
ఓట్ల పిండి రాలుతుంది.

పై అంతస్తుల్లో ఇంగ్లీషులో పాఠాలు.
మెట్ల కింద, బొగ్గుల గదిలో
ఈ కట్టడం వెల్ష్‌లోనే మూలిగేది.
ఉప్పుగాలికి ఉబ్బిన తలుపుని
మా నాన్న తిట్టి తెరిచేవాడు.
ఇంగ్లీషులో తిడితే కదిలేది కాదు.

నా చదువంటావా?
ఒక సాయంత్రం తుడుపుకర్ర గోడకి ఆనించి
చివరి బల్ల మీద కూర్చున్నాను.
నక్షత్రాల బరువు గురించి చెబుతున్నాడాయన.
నన్ను లెమ్మనలేదు.
నేనూ ప్రశ్న వేయలేదు.
అంతే.
ఇంటికి వెళ్తూ ఆ రాత్రి
పైకి చూడడానికి భయమేసింది,
అంత బరువు అక్కడెలా ఆగిందో అని.

ఇప్పుడు మళ్ళీ హోటలంటున్నావు.
మంచిదే, నంబర్లు సిద్ధంగానే ఉన్నాయి.
సముద్రం వైపు గదికి రాత్రికి ఎంతో కూడా చెప్పావు.
విననట్టు ఊరుకున్నాను.
మోర్విద్ కోడి
ఎన్నేళ్ళు గుడ్లు పెడితే ఆ గదిలో ఒక్క నిద్ర?

ఇదిగో సంతకం.
ముప్పై ఒకటీ అప్పగించాను.
ఒక్క సందేహం,
నీ ఫోనులో ఎక్కడైనా రాసుందేమో చూసి చెప్పు:
కొండ మీది వాళ్ళకి
ఆ రెండు గుడ్లు
తిరిగిచ్చేది ఎవరు?