పక్క చుక్కలు

మలికిపురం సెంటర్లో, మా ఫ్లెక్సుల కొట్లో
సంగాడి భూలోకమ్మ కొంగుముడి విప్పి
బొటనవేలంత ఫొటో ఇచ్చింది.
"ఆరడుగులు చెయ్యండి. గురువారం పెద్దకర్మండి."

వెతికితే ఫైలు దొరికింది, అదీ బొటనవేలంతే.
విడి లేయర్‌లో పెట్టి మూల పట్టుకుని లాగాను.
లేని చుక్కల్ని ఎక్కణ్ణించి తేవాలో
మనమే చెప్పాలి దానికి.

దగ్గరి చుక్కనే మళ్ళీ మళ్ళీ వెయ్యమంటే
మొహమంతా మళ్ళు, గట్లు,
ఏటిగట్టు మీంచి చూసిన లంక పొలం.
చుట్టూ పదహారింటిని అడిగి కలపమంటే
నున్నగా వచ్చాడు, పెళ్ళికొడుకులా.

ఆవిడ తెరకి దగ్గరగా వంగింది.
"ఎవరండీ ఈయన?
గడ్డం మీద గేలం గీసిన గాటేదండీ?"

గాటు ఒక్క చుక్క వెడల్పు.
పక్కవాళ్ళ మాటల్లో కలిసిపోయింది.

మూడేళ్ళ కింద, పడవ లైసెన్సుకి, తీసింది నేనే.
పెద్ద ఫైలుండేది. డిస్కు నిండిందని
కుదించి దాని మీదే సేవ్ కొట్టాను.
ఆ మాట చెప్పలేదు.

"ముందుదే వెయ్యండి" అని రోడ్డు దాటి
బొండాల బండి పక్కన నిలబడి చూసింది.
అక్కణ్ణించే చెయ్యెత్తింది.

గడ్డం మీద ఒక్క గడి,
నల్లగా.