అలగీత

క్లాక్స్‌విక్ రేవులో మూడు పడవలు.
ఒకదాని కేబిన్లో విండోస్, ఒకదాంట్లో లినక్స్,
మూడోదాంట్లో కెప్టెన్ కూతురు వాడి వదిలేసిన మాక్,
మూత మీద ఇంకా సగం చిరిగిన పిల్లి స్టిక్కరు.

మూడింటికీ రన్‌వా రాసిన ప్రోగ్రాం ఒకటే.
ఎన్ని కిలోల కాడ్, ఏ లోతున, గాలి ఎటునుంచి,
రాసుకున్నది దాచుకునే ముందు
అది అడిగేది ఒక్కటే: మీ ఇల్లెక్కడ?

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు.
ఇల్లు వెతికి చూడు అని ఎవరూ అనలేదు,
వాళ్ళ కాలంలో ఇల్లు ఉన్నచోటే ఉండేది.

లినక్స్‌లో సుఖం. చిన్న అలగీత చాలు.
కీబోర్డు మూల నక్కిన ఆ వంకర గీతకి
ఇల్లు అని అర్థం.
ఈ దీవుల్లో అలని ఇల్లంటే ఎవరికీ వింతగా తోచలేదు.
వింతైంది విండోస్‌కే.
అదీ ఒక పేరే కాబోలనుకుని
ప్రోగ్రాం పక్కనే అలగీత పేరుతో
ఒక ఫోల్డరు కట్టేసి కూర్చుంది.

సరేలే అని రన్‌వా దారి తనే అతికింది:
సీ డ్రైవు, యూజర్స్, ఆ వెనక మనిషి పేరు.
ముందు ఇల్లు, తర్వాత పేరు,
తెలుగువాళ్ళు ఇంటిపేరు రాసుకునే వరసే.
మార్చి అంతా బాగానే నడిచింది.

ఏప్రిల్లో హోగ్ని మెట్లెక్కి వచ్చాడు, బురద బూట్లతోనే.
"నలభై రోజుల చేపలేవి?"
తిరిగి సముద్రంలోకి నువ్వే వదిలావా అన్నట్టు.

తప్పు అతని పేరులో రెండో అక్షరానిది.
సున్నా చుట్టి అడ్డంగా గీత కొడతారే, అది.
దారిలో ఎక్కడో ప్రోగ్రాం దాన్ని రెండు ముక్కలుగా చదివి
ముక్కకో పిచ్చి అక్షరం తగిలించి
హోగ్ని ఇంటి పక్కనే, హోగ్ని కానివాడికి
కొత్త ఇల్లు కట్టింది. అనుమతి ఎవరిచ్చారో.
నలభై రోజుల కాడ్ అంతా అందులో ఉంది,
ఒక్క కిలో తగ్గకుండా.

ఆ రాత్రి అతుకులన్నీ కొట్టేసింది రన్‌వా.
ఇక ఊహించేది లేదు. సిస్టంనే అడగాలి,
అది చెప్పిన దారిని అక్షరం కదపకుండా తీసుకోవాలి.
చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది:
లినక్స్‌లో 'ఎవరూకాదు' అని ఒక యూజరు,
వాడి ఇంటి చిరునామా 'లేనిచోటు'.
ఊరూ పేరూ లేనివాడికి కూడా
ఆ గడి ఖాళీగా వదలరన్నమాట.

కాఫీ చల్లారిపోయింది. చివర రెండు వరసలు చేర్చింది:
ఇల్లు దొరక్కపోతే కొత్తది కట్టకు,
మనిషిని అడుగు.

మే మొదటివారం, పాత కంప్యూటరు ఉప్పునీళ్ళు తాగి చచ్చింది.
కొత్తదానికి హోగ్ని ఎవరో ఇంకా తెలీదు.
'టెర్నా' కేబిన్లో తెర మీద:
"మీ ఇల్లు తెలియలేదు. ఎక్కడ దాచమంటారు?"
చేతి తొడుగు పళ్ళతో లాగి
ఒక్క వేలితో కొట్టాడు, పడవ పేరు.
అందులో సున్నాల్లేవు, అడ్డగీతల్లేవు.
ఎంటర్ నొక్కి వలల దగ్గరికి పోయాడు.