శుక్రవారం ఐదింటిలోపు

బుధవారం మధ్యాహ్నం, గూడింగ్ దాటాక మూడో తూము దగ్గర
జల్లెడకు చుట్టుకున్న నాచు దులుపుతుంటే
బోయిసీ నుంచి ఫోను చేసింది నెకానే.
"నాన్నా, శుక్రవారం ఐదింటిలోపు
మేజరేదో మైనరేదో రాసివ్వాలట."

నేను లష్కరుని.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ ఐడహో ఎండలో
స్నేక్ నది నీళ్లను వంతులేసి వదిలేవాణ్ణి.
మేజరంటే నాకు తెలిసింది కాలువ.
మైనరంటే దాని పక్కలోంచి చీలే పిల్లకాలువ.
నా చదువు అక్కడికే.

"మేజరు అకౌంట్స్," అంది.
మంచిదే. లెక్క వచ్చినవాళ్లకు
ఎక్కడైనా ఇంత కూడు పుడుతుంది.
నా పికప్ అప్పు ఇంకా పద్నాలుగు నెలలుంది,
ఆ సంగతి పిల్లకూ తెలుసు.
"మరి మైనరు?"
అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.
ఇటువైపు నీళ్లు.
"బాస్క్."

గొర్రెల వెంట వచ్చిన మా నాన్న భాష అది.
నాకు మిగిలింది మూడు తిట్లు, ఒక ప్రార్థన,
కుక్కను వెనక్కి పిలిచే కేక.
ప్రార్థనలో సగం మాటలకు అర్థం తెలీదు.
తిట్లకు బాగానే తెలుసు.

అనకూడని మాట అనేశాను.
"దాంతో ఎవరికి ఉత్తరాలు రాస్తావే?
షొషోన్ హోటల్లో ఆదివారాలు ముస్ పేకాట ఆడే
ఆ నలుగురికా?
వాళ్లలో ఇద్దరికి చెవుడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
"పోయిన జులైలో కొండ మీదికి వెళ్లాం, గుర్తుందా?"

గుర్తుంది.
మా నాన్న మంద కాసిన ఆస్పెన్ తోపు.
తెల్లటి బెరడు మీద ఆయన రాత:
పేరు, యాభై ఏడో సంవత్సరం,
కింద ఇంకో రెండు వరుసలు.
ఇద్దరం చదవలేకపోయాం.
అక్షరాలు నల్లగా, బొటనవేలంత లావున ఉబ్బి ఉన్నాయి.
పిల్ల వాటిని తడుముతూ
దోమలు కుడుతున్నా కదలకుండా నిలబడింది.

ఆయన గీసింది కత్తిమొనతో, గీరీ గీరనట్టు.
లోతుగా కోస్తే చెట్టు కుళ్లుతుందని
నాకు ఒకసారి చెప్పాడు.
సన్నగా గీసి వచ్చేయాలట,
మిగతాది బెరడే రాసుకుంటుందట.

"ఆ రెండో వరుస చదవాలనుంది నాన్నా. అంతే."

ఫోను పెట్టేశాక పికప్ ఎక్కి చివరిదాకా పోయాను.
పన్నెండు మైళ్ల మేజరు,
గట్ల మధ్య ఊరి మేయరులా హుందాగా పోతుంది.
దాని నీళ్లు నేరుగా తాగిన బీన్స్ మొక్క
ఒక్కటి చూపించండి.
అది మోసుకొస్తుంది, పాపం, అంతవరకే.
తడిపేదేమో అడుగున్నర వెడల్పుండి,
నేల ఉడతల బొరియల్లోకి సగం కారిపోయి,
గడ్డి పట్టి,
ఏటా నేను తిట్టుకుంటూ పూడిక తీసే
ఆ చిన్నది.
తిట్టేది ఆ మూడు తిట్లతోనే.

ఈ సంగతి నెకానేకి చెప్పలేదు.
చెబితే ఆ అకౌంట్స్ కూడా మానేస్తానంటుందేమోనని.

శుక్రవారం ఐదు దాటి పది నిమిషాలకు
ఫారం ఫోటో పంపింది.
మొదటి గడిలో రాత దిట్టంగా ఉంది.
రెండో గడిలో సన్నగా,
పెన్నులో సిరా అయిపోయిందో ఏమో.
ఫోటో కింద ఏదో ఒక మాట.
తిట్టు కాదు.
ప్రార్థనలోదీ కాదు.
కుక్కను పిలిచేదీ కాదు.

చివరి తూము దగ్గర దిగాను.
ఆర్విల్ స్టూకీ పొలానికి వంతు నాలుగు చుట్లు.
చక్రం పట్టుకుని నాలుగూ తిప్పి
ఐదోది కూడా తిప్పాను.
పుస్తకంలో నాలుగనే రాశాను.