కేరం బోర్డు గుర్తు

ఎంజీఎం దవాఖాన ఎదురుంగ
నా జిరాక్స్ డబ్బా.
పదకొండేండ్ల సంది గుండేటి నర్మదక్క
నా మిషన్ల అచ్చుపడుతనే ఉన్నది.

నాలా మీద మూతలు లెవ్వని ఒకటి,
నల్లాల పురుగులొస్తున్నయని ఒకటి,
కొత్తవాడ మగ్గాలకు పగటిపూట కరెంటు తీస్తున్నరని ఒకటి,
దానికిచ్చిన జవాబు తప్పని ఇంకొకటి.
"రొండు కాపీలు తమ్మీ,
ఒకటి ఆఫీసుకు,
ఒకటి వాళ్లు పోగొట్టినంక మళ్ల ఇయ్యనీకి."

చదవకుండ తీసుడే నా పనికి మర్యాద.
అయినా ఏండ్లకేండ్లు సూస్తే
తలకిందుల అక్షరాలు గూడ కంటికి అలవాటైతయి.
ఒకపారి నేనే చెప్పిన,
అక్కా, తారీఖు ఎయ్యలేదు.

కార్పొరేటర్‌గ నిలవడుతున్నన్న నాడు
అఫిడవిట్ తెచ్చింది.
ఆస్తులు: జంపఖానా మగ్గం ఒకటి,
కుదువల ఉన్న పుస్తెలు.
కేసులు: రెండు.
రోడ్డు మీద కూసున్నందుకు ఒకటి,
లేవనందుకు ఒకటి.
ఎందుకక్కా నీకిది అంటే,
"ఇన్నేండ్లు కిటికీ అవతల నిలవడి కాయితం ఇస్తి,
ఒక్కపారి ఇవతల కూసోని తీసుకుంట" అన్నది.

కత్తెర గుర్తు అడిగితే కేరం బోర్డు ఇచ్చిండ్రు.
"మంచిదేనాయె,
నాలుగు మూలల నాలుగు బొందలు,
అచ్చం మన గల్లీ లెక్కనే."

అవతలోళ్లవి రంగుల పోస్టర్లు, హైదరాబాద్‌ల కొట్టిచ్చినయి.
ఆమెవి ఐదొందలు, నా దగ్గర్నే, నలుపు తెలుపు.
మొకం మసి మసిగ పడ్డది.
మళ్ల తీస్తనంటే వద్దన్నది,
"సరిగ్గనే పడ్డది తియ్."
జీపు లేదు, డప్పు లేదు.
ఓటు లేని పోరగాండ్లు
సొంత బోర్డు నెత్తిన పెట్టుకొని
పౌడర్ చల్లుకుంట ముందట నడిచిండ్రు.

నిరుడు కాదు, మొన్నటేడు శ్రావణంల
నాలా పొంగి మా ఇండ్లల్లకు వచ్చింది.
నా చిన్నబిడ్డ ఎనిమిది దినాల బాలింత.
తలుపు రెక్క ఊడబీకి దాని మీద పండవెట్టి
నడుములోతు నీళ్లల్ల
ఒక కొస నేను వట్టిన,
ఇంకో కొస నర్మదక్క.
ఆ తలుపు ఇప్పటికీ సక్కగ పడదు.
తీసినప్పుడల్లా కిర్రుమంటది.

ఓట్ల ముందటి రాత్రి
ఆ తలుపే కొట్టిండ్రు.
నాలుగు ఓట్లు, నాలుగు కవర్లు.
లిస్టు సూసి పేర్లు సదివిండ్రు,
ఆ లిస్టు గూడ నా డబ్బాల తీసిందే.
నేను వద్దంటనేమోనని
ఇంటామె నా నోటి దిక్కు సూసింది.
నేను గూడ
నా నోటి దిక్కే సూసిన.
జెర సేపాగి ఆమె
బియ్యం డబ్బాల వెట్టి మూత గట్టిగ వత్తింది.

మా బూతుల కేరం బోర్డుకు
నలభై ఒకటి.

తెల్లారి గల్లీల ఎవ్వలెదురైనా ఒక్కటే మాట,
"అక్కా, అండ్ల ఒకటి నాదే."
పాలాయన అన్నడు, ఇస్త్రీ బండి రాజేందరన్నడు,
కవర్లు పంచిన పిలగాడు గూడ అన్నడు.
నలభై ఒక్క ఓటును
మూడొందల మందిమి పంచుకున్నం.
ఆమె అందరికీ తలకాయ ఊపింది,
లెక్కలు రానిదాని తీరు.

నాలుగో దినం డబ్బాకు వచ్చింది.
గెలిచినాయన పేరు మీద దరఖాస్తు,
నాలా మూతలే.
"రొండు కాపీలు తమ్మీ."

నా వేళ్లకు పొద్దస్తమానం మసే.
ఓటు సిరా ఏ వేలికున్నదో
నాకే కనవడలె.

మిషన్ల కాయితం ఇరికింది.
మూత లేపి, తల లోపట వెట్టి
చానసేపు గుంజిన.
అక్కడ్నుంచే అన్న,
అక్కా,
అండ్ల ఒకటి నాదే.

బల్ల మీద నాలుగు రూపాయలు వెట్టి
"తారీఖు ఏసిన్నో లేదో సూడు" అన్నది.