నాలుగూ నలభై

కిరాణా కొట్టు కింద నేలమాళిగ.
జనరేటరు దగ్గినప్పుడల్లా దీపం రెప్ప వేస్తుంది.
డాక్టర్ ఒరీస్యా కత్తెర అందుకుంది.
"బూట్లు కొయ్యకండి," అన్నాడు కుర్రాడు,
"మొన్ననే అక్క పంపింది."

తొడకి పట్టీ ఎవరు కట్టారో గట్టిగానే కట్టారు.
నుదుటి మీద మార్కరు రాత: 4:40.
చెమటకి నాలుగు సగం చెరిగి
నిలువు గీత మిగిలింది.
ఒకటా? నాలుగా?
ఆ మూడు గంటల తేడాలోనే ఉంది కాలు.

చెర్నివ్‌త్సీ ఆసుపత్రిలో ఆమెకి గోడ గడియారం ఉండేది,
ఫ్రిజ్ నిండా రక్తం,
కాఫీ చల్లారిందని విసుక్కునే తీరిక.
ఇక్కడ బంగాళదుంపల వాసన,
పైనుంచి రాలే సున్నం,
మెట్ల మీద ఇంకో ముగ్గురు.

డ్రైవర్ని అడిగింది. తెలీదన్నాడు.
కుర్రాణ్ణే అడిగింది:
"దెబ్బ తగిలినప్పుడు చీకటా, వెలుతురా?"
"చీకటే. కానీ కోడి కూసింది...
అక్కడ ఇంకా ఒక కోడి మిగిలే ఉంది, డాక్టర్."

మార్కరు తీసి
నాలుగుని మళ్ళీ దిద్దింది,
బడిపిల్ల పలక మీద దిద్దినట్టు.

ఒక బూటు కోసేసింది.
రెండోదాని తాళ్ళు డ్రైవరు విప్పుతున్నాడు,
తడిసిన ముడి,
ఎంతకీ రావడం లేదు.