వానపాము మీద ఆదివారం

మా మూడో అంతస్తు కిటికీకి
మూడు బారల దూరంలో రోడ్డు పోతుంది,
నేల మీద కాదు, గాలిలో.
సావో పాలో అంతా దాన్ని వానపాము అంటుంది.
వారమంతా అది కార్లు మింగి కార్లు కక్కుతుంది.
గ్లాసులో కాఫీ దాని లయకే వణుకుతుంది.
ఇంట్లో అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం.
పోట్లాట అని పక్కవాళ్లు అనుకోరు,
వాళ్లదీ అదే గొంతు.

పొద్దున ఏడుంపావుకి
జురందీర్ రొట్టెల వ్యాను అటుగా వస్తుంది.
రెండుసార్లు హారన్.
కయీకీ పళ్లు తోముకుంటూనే ఉరుకుతాడు,
నురగ నోటితో చెయ్యూపుతాడు.
రెండు సెకన్ల నాన్న.
మళ్లీ నిద్రపోయాకే.

ఆదివారం కార్లను రానివ్వరు.
ఆ పొద్దు నన్ను లేపేది నిశ్శబ్దం.
తర్వాత మెల్లగా
కుక్కల గోళ్ల చప్పుడు, చక్రాల బూట్ల గరగర,
ఎవరో డప్పు కాచుకుంటున్న టకటక.

"రోడ్డు మీద షికారేమిటి, మతి పోయిందా?"
మా అత్తగారు జెనీల్దా రానంటే రానంది.
సముద్రం పక్కన పుట్టిన మనిషి,
నీళ్లు లేనిదాన్ని విహారమని ఒప్పుకోదు.
కిటికీలో కుర్చీ వేసుకుని
నల్ల చిక్కుడు గింజల్లో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

లిఫ్టు పాడు.
పిల్లాడి సైకిలు మోసుకుంటూ మూడంతస్తులు దిగి,
మూడు సందులు తిరిగి,
మళ్లీ మూడంతస్తులంత ఎత్తు ఎక్కి
వంతెన మీదికి చేరాం.
ముక్కేదంటే చుట్టు తిప్పి చూపించినట్టు.

మధ్యగీత మీద దుప్పటి పరుచుకుని
ఒకావిడ ఎండ కాగుతోంది.
ఇద్దరు ముసలివాళ్లు పాట లేకుండానే నాట్యం చేస్తున్నారు.
గాలితొట్టిలో నలుగురు పిల్లలు, రెండు గిన్నెల నీళ్లు.
జురందీర్ మాత్రం కుడి లేనులోనే నడుస్తాడు,
పక్కకి జరగాలంటే
భుజం మీంచి వెనక్కి చూస్తాడు.
"మీ వెనక బండ్లేం లేవయ్యా" అంటే సిగ్గుపడ్డాడు.

ఒకచోట ఆగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.
"ఈ గుంట నాకు తెలుసు,
రోజూ నా నడుం దీన్ని లెక్కపెడుతుంది."
అరచెయ్యి లోపల పెట్టి చూశాడు.
"ఇంతేనా నువ్వు?"

ఇంతలో మా కిటికీ వచ్చింది.
కర్టెన్ ఇంతగా వెలిసిందని లోపలున్నప్పుడు తెలీదు.
తీగ మీద నా పాత నైటీ, ఊరంతా చూసేలా.
పసుప్పచ్చ గోడ, గోడకి మేకు, మేకుకి టోపీ,
గింజలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ.
ఎవరి ఇల్లో అనిపించింది.
అందులో ఉంటే బాగుండు అనిపించింది.

"అమ్మా, పాస్టెల్ తింటావా?"
నూనె కారే కాగితం సంచి ఎత్తి చూపించాడు జురందీర్.
"నా మొహం, ఎగిరి వస్తుందా?"
పీచుమిఠాయి అతని పొడుగు కర్ర అడిగి తెచ్చాడు.
అత్తగారు అటునుంచి చీపురు చాపింది.
కర్ర చివర సంచి ఊగింది,
జనం మూగారు, డప్పువాడు వాయింపు అందుకున్నాడు,
మొదటి పాస్టెల్ కింద బస్టాపు రేకు మీద పడింది.
"అయ్యో" అన్నారు ముప్ఫైమంది,
ముప్ఫై ఏళ్లుగా మాకు తెలిసినట్టు.
రెండోది చీపురుకి చిక్కింది.

ఆవిడ తాపీగా కొరికింది.
అందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.
"ఉప్పెక్కువ," అంది.
చప్పట్లు.

తర్వాత లోపలికి వెళ్లి వచ్చింది.
అదే చీపురు చివర, ఈసారి కయీకీ స్వెటర్.
"తుంపర వచ్చేట్టుంది, తొడగండి."
మబ్బు ఎక్కడా లేదు.
మేం చెరకురసం తాగి గ్లాసులు తిరిగి ఇచ్చేలోపు
తుంపర పడనే పడింది.
ఎవ్వరూ పరుగెత్తలేదు.

సోమవారం ఏడుంపావు.
రెండు హారన్లు. నురగ నోరు.
పోయిందనుకున్న వ్యాను నుంచి
మూడోది ఒకటి, చిన్నది.
కిటికీలోంచి మా అత్తగారు
చీపురు పైకెత్తి చూపించింది.