ఆరు

ఆదోనిలో జిన్నింగు మిల్లు గేటు పక్కన
గోడమీది బోర్డు నా రాతే.
పదకొండేండ్ల కింద రాసింది, పచ్చ మీద తెలుపు.
"పని రోజుకు తొమ్మిది గంటలు మించరాదు.
ఐదు గంటలకు మించి ఆపకుండా చేయించరాదు,
అరగంట విశ్రాంతి ఇవ్వవలెను."
కింద మూలన సన్నగా మాబువలి ఆర్ట్స్,
ఇప్పుడు మోగని ఫోన్ నంబరు.

సూపర్‌వైజరు గాదిలింగ మనిషిని పంపించినాడు.
"చట్టం మారిందంట మాబన్నా, రెండే మాటలు.
బోర్డంతా ముట్టుకోవద్దు, దుడ్లు దండగ.
మాటకు యాభై."

ముందు తొమ్మిదిని మూసి పది రాసినా.
మాట పొట్టిదాయ, పొద్దు పొడుగాయ.
పక్కన బెత్తెడు చోటు మిగిలింది.
ఊరికే ఎందుకని పువ్వొకటి ఎయ్యబోతే
గాదిలింగ వద్దన్నాడు.

ఐదు ఇంకా సులువు.
ఐ తీసేసి ఆ పెట్టినా,
ద ను గీకి ర చేసినా,
కొమ్ము పాతదే, అట్లే ఉంది.
మందికి గంట పెంచేదానికి
మూతెడు రంగు గూడా పట్టలేదు.

లోపల్నుంచి ఉరుకుందమ్మ వచ్చింది నీళ్లకు,
కనురెప్పల మీదంతా దూది, దగ్గుకుంటా.
చదువు రాదు గానీ
పదకొండేండ్లు దీని ముందర నడిచిన మనిషి.
"బోర్డు మొగం మారిందే, ఏం రాసినావప్పా?"
"ఆరు."
"ఆరుతాదిలే, ఇంత ఎండకు."

కాదక్కా అని వివరంగా చెప్పినా.
చెంబెత్తి గటగటా తాగి
మూతి తుడుచుకుంటా అన్నది,
"ఐదని ఉన్నప్పుడు మాత్రం ఏమిచ్చినారు?
మిషన్ పక్కనే కదా సద్ది తిన్నేది,
ముద్దకింత దూది నంజుకోని."

లోపల్నుంచి కేక.
తిరిగేటప్పుడు దగ్గు తెర వచ్చి
ఊతకు గోడ పట్టుకున్నది.
సరిగ్గా ఆరు మీద ఐదు వేళ్లు.
అరచెయ్యి చూసుకోని, కొంగుకు రాసుకోని
లోపలికి పోయింది.

గాదిలింగ ఉరికొచ్చినాడు.
"ఏందిది? బిరీన దిద్దు, ఇన్‌స్పెక్టరు వచ్చే యాళ!"
తడి మీద దిద్దితే రంగు రంగులో కలిసి
ఏ అంకెా కాకుండా పోతాదన్యా.
ముందు ఆరల్ల.
"ఎంతసేపు?"

పొద్దున ఏడింటికి తాగిన టీ తప్ప
కడుపులో ఏమీ లేదు నాకు.
నా పనికి ఏ గోడ మీదా బోర్డు లేదు.

"అరగంట" అని
కుంచె డబ్బాలో ఏసి
మిల్లు నీడలో కాళ్లు చాపుకున్యా.